చిత్రకారుడి స్కెచ్ పుస్తకాలు, ఉత్తరాలు చెల్లాచెదురు కాకుండా ఎవరికి, ఎలా అప్పగించాలి?

ప్రశ్న: మాంబళం మేనకోడలు (చెన్నై)

అందరికీ నమస్కారం. మా పెద్ద మేనమామగారు చిత్రకారులు. 1950లలో గుంటూరు జిల్లా నుంచి మద్రాసుకు వచ్చి, దేవీప్రసాద్ రాయ్ చౌధురి ప్రిన్సిపాలుగా ఉన్న చివరి సంవత్సరాల్లో ఇక్కడి ప్రభుత్వ కళాపాఠశాలలో చదువుకున్నారు. ఆ తర్వాత జీవితమంతా ఈ ఊళ్లోనే ఉండి తెలుగు వారపత్రికలకు కథల బొమ్మలు, ముఖచిత్రాలు వేశారు. మిగిలిన సమయంలో తన కోసం నీటిరంగుల చిత్రాలు వేసుకున్నారు. పెళ్లి చేసుకోలేదు. ఆయన కాలం చేశాక పశ్చిమ మాంబళంలోని ఆ పాత ఇంటిని అపార్ట్‌మెంట్లు కట్టడానికి బిల్డరుకు అప్పగించాలని మా అమ్మ, మామయ్యలు నిర్ణయించారు. ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యేలోపు ఇల్లు ఖాళీ చేయాలి.

ఫ్రేములు కట్టిన చిత్రాలను బంధువులు పంచుకున్నారు. నా ప్రశ్న మిగిలిన వాటి గురించి. రెండు ట్రంకు పెట్టెలు, ఒక బీరువా నిండా స్కెచ్ పుస్తకాలున్నాయి. వాటిలో కొన్ని కొన్నవి, కొన్ని ఆయన స్వయంగా కాగితాలు కత్తిరించి దారంతో కుట్టుకున్నవి. తోటి చిత్రకారులు, సంపాదకులు రాసిన పోస్టుకార్డులు, ఇన్లాండు లెటర్లు ఉన్నాయి. డైరీలు, పత్రికల కత్తిరింపులు, పారితోషికం ముట్టినట్టు వోచర్లు, రంగుల దుకాణం బిల్లులు, ఫోటో నెగటివులు, ఏ రంగులో ఏది ఎంత కలపాలో క్యాలెండరు కాగితాల వెనక రాసుకున్న వివరాలు కూడా ఉన్నాయి. ఒక పుస్తకంలో కాంచీపురం మండపం స్తంభాలను ఎంతో శ్రద్ధగా గీసిన పేజీలోనే, అంచున ఆ నెల పాల లెక్క రాసి ఉంది.

చిత్రాలు కొని అమ్మే ఒకాయన వచ్చి చూశారు. స్కెచ్ పుస్తకాలు మాత్రం కొంటాననీ, ఆకులు విడదీసి ఫ్రేములు కట్టి అమ్ముతాననీ, మిగిలిన కాగితాలతో తనకు పని లేదనీ అన్నారు. మా ఇంట్లో కొందరు ఒప్పుకునేలా ఉన్నారు. నాకు మనసొప్పడం లేదు. అయితే నా అయిష్టానికి కారణం మమకారమేనా, లేక నిజంగా విడదీయకూడని విషయం ఇందులో ఉందా అన్నది తెలిసినవారు చెబితే ఇంట్లో వాళ్లకు వివరించగలను. ఇల్లు ఖాళీ చేసేలోపు ఈ కాగితాల విషయంలో ఏ జాగ్రత్తలు తీసుకోవాలి? చెన్నైలోనో బెంగళూరులోనో ఇలాంటివి తీసుకుని భద్రపరిచే సంస్థలు ఉన్నాయా? అన్నీ స్కాన్ చేసి పెట్టుకుంటే సరిపోతుందా?

జవాబు: కాగితాల సంరక్షకురాలు (అడయారు)

అమ్మా, మొదట ఒక్క మాట. మీరు ఇప్పటికింకా ఏదీ సర్దకపోతే అదే మంచిది. పెట్టె తెరవగానే ఉత్తరాలన్నీ ఒక కట్టగా, బొమ్మలన్నీ ఒక కట్టగా, బిల్లులన్నీ ఒక కట్టగా వేరు చేయాలనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. మీ మేనమామగారు ఏ ఉత్తరాన్ని ఏ స్కెచ్ పుస్తకంలో పెట్టుకున్నారో, ఏ వోచరును ఏ కత్తిరింపుతో కలిపి ఉంచారో ఆ అమరికే ఒక సమాచారం. ఒకసారి చెదిరితే దాన్ని ఎవరూ తిరిగి కూర్చలేరు. పెట్టెలకూ బీరువా అరలకూ అంకెలు వేసి, తెరిచినప్పుడు ఎలా ఉన్నాయో పైనుంచి ఫోటోలు తీసి, ఒక్కొక్క పొర తీస్తున్నప్పుడు మళ్లీ ఫోటో తీయండి. పుస్తకం మధ్య నుంచి ఏదైనా కాగితం జారితే అది ఎన్నో పేజీలో ఉన్నదో మెత్తటి పెన్సిలుతో ఒక చీటీ మీద రాసి, చీటీనీ కాగితాన్నీ అక్కడే ఉంచండి.

తర్వాత హాని చేసేవాటిని తీయాలి. తుప్పు పట్టిన గుండుసూదులు, జెమ్ క్లిప్పులు, సాగి జిగురైపోయిన రబ్బరు బ్యాండ్లు, ప్లాస్టిక్ సంచులు తీసేయవచ్చు. సెలోటేపును మాత్రం మీరు పీకకండి, దానితోపాటు కాగితం పొర లేచి వస్తుంది. చిరిగినచోట కొత్తగా టేపు అంటించవద్దు. లామినేషన్ అసలే వద్దు, దాని వేడినీ జిగురునూ తర్వాత ఎవరూ వెనక్కి తీయలేరు. పుస్తకాలను ఎండలో పరచడం మన ఇళ్లలో అలవాటు. ఎండకు పురుగులు కొన్ని పారిపోయినా రంగులు వెలిసిపోతాయి, కాగితం పెళుసెక్కుతుంది. నీడలో, గాలి ఆడే గదిలో ఉంచితే చాలు. కలరా ఉండలు పురుగులను కొంత దూరంగా ఉంచుతాయే తప్ప అప్పటికే లోపల ఉన్నవాటిని చంపవు. పైగా ఆ ఆవిరి మనుషులకు మంచిది కాదు. వేపాకును నేరుగా పేజీల మధ్య పెడితే మరకలు పడతాయి.

మన ఊళ్లో పెద్ద శత్రువు తేమ. గాలిలో తేమ 65 శాతం దాటి నిలకడగా ఉంటే బూజు పెరుగుతుంది. చెన్నైలో వానాకాలమంతా అది సహజంగానే దాటుతుంది. పగలు ఏసీ వేసి రాత్రి ఆపేసే గది కన్నా, ఎప్పుడూ ఒకే రకంగా గాలి ఆడే లోపలి గది నయం. అటక మీద వేడి ఎక్కువ. బయటి గోడకు ఆనించిన బీరువాలోకి చెమ్మ దిగుతుంది. నేల మీద పెట్టెలు ఉంచడం ఎంత ప్రమాదమో 2015 డిసెంబరు వరదలు, 2023 డిసెంబరు తుఫాను చూసిన మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. గొప్ప సంస్థలకు కూడా ఇది తప్పలేదు. 1928 జనవరిలో లండన్‌లో థేమ్స్ నది పొంగినప్పుడు టేట్ గ్యాలరీ కింది అంతస్తులో ఉన్న, ఇంగ్లండు చిత్రకారుడు టర్నర్ కాగితం మీద వేసిన చిత్రాలు నీట మునిగాయి. ఒకవేళ మీ కాగితాలు ఎప్పుడైనా తడిస్తే రెండు రోజుల్లోపే బూజు మొదలవుతుంది. అంతలోగా అన్నీ ఆరబెట్టలేమనుకుంటే, తడి పుస్తకాలను పాలిథిన్ సంచుల్లో పెట్టి ఫ్రీజరులో ఉంచి, నిపుణులు వచ్చేదాకా సమయం సంపాదించుకోవచ్చు.

మీ మేనమామగారు పత్రికా చిత్రకారులు కాబట్టి ఇంకో విషయం చెప్పాలి. ఇండియన్ ఇంకు మసితో చేసింది. అది వెలుగుకు వెలిసిపోదు. ఆ గీత బాగానే ఉంటుంది కానీ కింద ఉన్న చవక అట్ట పసుపెక్కి విరుగుతుంది. ఫౌంటెన్ పెన్ను సిరా, స్కెచ్ పెన్నుల రంగులు అలాంటివి కావు. మొదటివి చెమ్మకు అల్లుకుంటాయి, రెండోవి వెలుగుకు వెలిసిపోతాయి. స్కెచ్ పెన్నుతో వేసిన పేజీని ఫ్రేము కట్టి హాల్లో వేలాడదీస్తే కొన్నేళ్లలో ఆ బొమ్మ పాలిపోతుంది. పుస్తకంలో మూసి ఉంచడమే దానికి రక్ష. బొగ్గుతోనో పాస్టెల్‌తోనో వేసిన బొమ్మలను ప్లాస్టిక్ కవర్లలో పెట్టకండి, ప్లాస్టిక్‌కు ఉండే ఆకర్షణకు పొడి లేచి దానికి అంటుకుంటుంది. పత్రికకు పంపి వెనక్కి తెచ్చుకున్న అసలు బొమ్మల మీద ట్రేసింగ్ కాగితం, దాని మీద నీలం పెన్సిలుతో అచ్చు బ్లాకు తయారుచేసేవారికి రాసిన కొలతలు ఉంటే, వాటిని చెత్త అనుకుని తీయవద్దు. ఆ రోజుల్లో ఒక బొమ్మ పత్రికలోకి ఎలా ఎక్కేదో చెప్పే ఆధారాలు మరెక్కడా దొరకవు.

నెగటివుల పెట్టె తెరిచినప్పుడు పుల్లటి వెనిగర్ వాసన వస్తే ఆ ఫిల్ము కుళ్లుతున్నట్టు. దాని ఆవిరి పక్కనున్న వాటిని కూడా పాడుచేస్తుంది కనుక అవి మాత్రం వేరే పెట్టెలోకి మారాలి. మార్చిన సంగతీ, అవి మొదట ఎక్కడున్నాయో ఆ సంగతీ జాబితాలో రాయండి.

స్కాన్ గురించి అడిగారు. తప్పకుండా చేయించండి, కానీ అసలుకు బదులుగా కాదు. కుట్టిన పుస్తకాన్ని స్కానరు అద్దం మీద బోర్లించి నొక్కితే కుట్టు తెగుతుంది. పైనుంచి కెమెరాతో తీయించడం క్షేమం. ఖాళీ పేజీలు, అట్టలు, అట్ట లోపలి రాతలు కూడా వరసగా తీయాలి. ప్రతి ఫైలుకూ పెట్టె సంఖ్య, పుస్తకం సంఖ్య, పేజీ సంఖ్య పేరుగా ఉండాలి. మూడు చోట్ల ప్రతులు ఉంచి, వాటిలో ఒకటి వేరే ఊళ్లో ఉండేలా చూడండి. సిరా కాగితంలోకి ఎంత దిగింది, పెన్సిలు ఎక్కడ గట్టిగా ఒత్తుకుంది, పేజీ ఎక్కడ చింపేశారు అన్నవి ఏ ఫైలూ పూర్తిగా చూపలేదు.

జవాబు: కళాచరిత్ర విద్యార్థి (బెంగళూరు)

మీ అయిష్టం మమకారం మాత్రమే కాదండీ. దానికి గట్టి ఆధారం ఉంది.

స్కెచ్ పుస్తకం అంటే చిన్న చిన్న బొమ్మల సంచయం కాదు. చిత్రకారుడి చూపు ఒక విషయం నుంచి మరో విషయానికి ఎలా నడిచిందో అందులోని వరస చెబుతుంది. మండపం స్తంభం తర్వాతి పేజీలో ఒక కథ బొమ్మకు చిత్తు ఉంటే, ఆ కథ బొమ్మలోని వాకిలి కాంచీపురం నుంచి వచ్చిందని మనకు తెలుస్తుంది. పాల లెక్క పక్కన నెల పేరు ఉంటే ఆ స్తంభాలకు తేదీ దొరుకుతుంది. ఆకు విడదీసి ఫ్రేము కట్టగానే ఆ రెండూ పోతాయి. కొన్నవారి గోడ మీద మిగిలేది తేదీ లేని, ఊరు తెలియని ఒక స్తంభం.

ఇంగ్లండు చిత్రకారుడు టర్నర్ 1851లో మరణించాక సుమారు 300 స్కెచ్ పుస్తకాలూ వేలాది విడి కాగితాలూ 1856లో ఆ దేశ ప్రజల ఆస్తి అయ్యాయి. వాటిని సర్దే పనికి పూనుకున్న రస్కిన్ గొప్ప విమర్శకుడు, టర్నర్‌ను ప్రాణప్రదంగా ప్రేమించినవాడు. ఆయనే ప్రదర్శన కోసం కొన్ని పుస్తకాలను విప్పి ఆకులు వేరు చేశాడు. ఏ ఆకు ఏ పుస్తకంలోదో గుర్తించి వరస కట్టే బాధ్యత ఆ తర్వాత కళాచరిత్రకారుడు ఫిన్‌బర్గ్ మీద పడింది. ఆయన తయారుచేసిన జాబితా 1909లో రెండు సంపుటాలుగా వచ్చింది. ప్రేమతో విడదీసినా నష్టం నష్టమేనని మీ మామయ్యలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

బిల్లులూ డైరీలూ ఎవరికి కావాలని మీవాళ్లు అడగవచ్చు. రవివర్మ తమ్ముడు సి. రాజరాజవర్మ కూడా చిత్రకారుడే. అన్నతో కలిసి పనిచేస్తూ ఆయన రాసుకున్న డైరీలో 1895 నుంచి 1904 వరకు భాగం మిగిలింది. ఏ ఊరు వెళ్లారు, ఎవరు బొమ్మ వేయించుకున్నారు, ఏ చిత్రం ఎప్పుడు మొదలైంది అని ఈనాడు పండితులు చెప్పగలుగుతున్నారంటే అందులో చాలా భాగం ఆ దినచర్య వల్లనే. డచ్చి చిత్రకారుడు వాన్ గో విషయంలో అయితే ఆయన రాసినవీ ఆయనకు వచ్చినవీ కలిపి 902 ఉత్తరాలు దొరికాయి. కానీ వాటిలో ఆయనకు వచ్చినవి 83 మాత్రమే. తమ్ముడు థియో, అతని భార్య యో దాచినందువల్ల ఆయన మాటలు మనకు దక్కాయి. ఆయన తనకు వచ్చిన ఉత్తరాలను అంతగా దాచుకోలేదు కాబట్టి అవతలి గొంతులు చాలావరకు పోయాయి. మీ మేనమామగారు దాచుకున్నవి సరిగ్గా ఆ అవతలి గొంతులే. తోటి చిత్రకారుల ఇళ్లలో ఈయన రాసినవి ఉన్నాయేమో కూడా వాకబు చేయండి.

మద్రాసు తెలుగు పత్రికల కాలానికి ఇది మరీ ముఖ్యం. చందమామ 1947లో అక్కడే మొదలైంది. ఆంధ్రపత్రిక అక్కడి నుంచే వచ్చింది. ఆ పత్రికల సంచికలు గ్రంథాలయాల్లో దొరుకుతాయి. వాటి వెనక పనిచేసినవారి చిత్తులూ, జీతభత్యాలూ, సంపాదకుడికీ చిత్రకారుడికీ మధ్య నడిచిన మాటలూ దొరకవు. పేరున్న నలుగురు తప్పించి మిగిలిన చిత్రకారులు మూలలో ఒక పొడి సంతకంగా మిగిలిపోయారు.

ఇక ఎవరికి ఇవ్వాలన్న విషయం. బెంగళూరులో కస్తూర్బా రోడ్డు మీద 2023లో భవనం తెరిచిన మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫోటోగ్రఫీకి చిత్రాలతో పాటు ప్రకటనలు, సినిమా పోస్టర్ల వంటి ముద్రిత చిత్రాల మీద కూడా ఆసక్తి ఉంది. కాబట్టి పత్రికా చిత్రకారుడి సామగ్రిని వారు చిన్నచూపు చూడరని నా నమ్మకం. హాంకాంగ్‌లో 2000లో ఏర్పడిన ఏషియా ఆర్ట్ ఆర్కైవ్‌కు ఢిల్లీలో శాఖ ఉంది. బరోడాకు చెందిన గులాం మొహమ్మద్ షేక్, జ్యోతి భట్, రతన్ పరిమూ వంటివారి సొంత కాగితాలను వారు డిజిటల్ రూపంలోకి మార్చి అందరికీ అందుబాటులో ఉంచారు. మీ ఊళ్లో తరమణిలోని రోజా ముత్తయ్య పరిశోధనా గ్రంథాలయం ముఖ్యంగా తమిళ ముద్రణకు సంబంధించినది. అయినా కాగితాల సంరక్షణలో వారి అనుభవం గొప్పది. 1994లో ఏర్పడిన ఆ గ్రంథాలయానికి మూలమైన సేకరణ చేసిన రోజా ముత్తయ్య చెట్టియారు కోట్టైయూరులో సైన్‌బోర్డులు రాసే చిత్రకారుడన్నది చాలామందికి తెలియదు. ముట్టుకాడులోని దక్షిణచిత్ర మ్యూజియం, 1966లో చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్ పూనికతో ఇంజంబాక్కంలో ఏర్పడిన చిత్రకారుల గ్రామం చోళమండలం కూడా అడగదగినవే. మీ మేనమామగారి సహాధ్యాయుల్లో ఎవరైనా చోళమండలానికి చెందినవారైతే అక్కడ ఆ ఉత్తరాల విలువ వెంటనే గుర్తిస్తారు. ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారం వ్యక్తుల సొంత పత్రాలను కూడా స్వీకరిస్తుంది. ఇక్కడ బెంగళూరులో జీవశాస్త్ర పరిశోధనా సంస్థ ఎన్‌సీబీఎస్ నడిపే ఆర్కైవ్స్ ముఖ్యంగా విజ్ఞానశాస్త్ర చరిత్రకు సంబంధించినదైనా, ఒక వ్యక్తి కాగితాలను పెట్టె, ఫైలు, కాగితం వారీగా ఎలా వర్ణించాలో నేర్చుకోవడానికి వారి ఆన్‌లైన్ జాబితా చూడండి.

ఏ సంస్థతో మాట్లాడినా మొదట అడగవలసింది ఒక్కటే: మొత్తం కలిపి తీసుకుంటారా, ఏరుకుంటారా? ఏరుకునేట్టయితే మిగిలినవి పారేయకుండా మీకు తిరిగి ఇస్తామని రాసివ్వాలి. తెలుగు చదవగలిగినవారు వారి దగ్గర ఉన్నారా అని కూడా అడగండి. మన భాషలో ఉన్న కాగితాలు తెలుగు రాని చోటికి వెళ్లి, జాబితాకు ఎక్కకుండా దశాబ్దాలు పెట్టెల్లోనే ఉండిపోవడం నేను చూశాను. అందుకే జాబితా మీరే తెలుగులో, ఇంగ్లీషులో తయారుచేసి ఇవ్వండి. ఫోటోల్లో ఉన్నవారిని గుర్తుపట్టగల పెద్దలు ఉండగానే వాళ్ల చేత పేర్లు చెప్పించి రికార్డు చేయండి. ఈ పని స్కానింగ్ కన్నా ముందు జరగాలి. కాగితం ఇంకో పదేళ్లు ఆగినా ఆ పెద్దలు ఉంటారన్న హామీ లేదు.

జవాబు: ఒక చిత్రకారుడు (తిరువాన్మియూరు)

నేను ఎనభై దాటినవాణ్ణి. పైన రాసినవారి మాటలను గౌరవిస్తూనే రెండు విషయాలు చెబుతాను.

స్కెచ్ పుస్తకం ఇతరులకు చూపడానికి వేసుకునేది కాదు. చేయి తడబడిన గీతలు, ఒకరిని అనుకరించి చూసిన ప్రయత్నాలు, ఎవరి ముఖమో వాళ్లకు తెలియకుండా వేసినవి అందులో ఉంటాయి. డైరీలు మరీ సొంతం. మీ మేనమామగారు వీటిని అందరూ చూడాలని కోరుకున్నారో లేదో ఎవరైనా ఆలోచించాలి. అలాగని నాశనం చేయమని నేను అనను. చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ బతికి ఉండగానే ఆమె ఇంట్లో దాచుకున్న ఉత్తరాలను తల్లిదండ్రులు తగలబెట్టారు. ఆమె బాధపడుతూ తండ్రికి ఉత్తరం రాయవలసి వచ్చింది. మరొకరి కాగితాల మీద ఇంట్లోవాళ్లు అలా తీర్పు చెప్పకూడదు. కొన్నింటిని కొంత కాలం మూసి ఉంచి తర్వాత తెరవడమే మర్యాద అని నా అభిప్రాయం.

రెండోది డబ్బు. ఇంట్లో ఎవరికైనా నిజంగా అవసరం ఉంటే దాన్ని తప్పుపట్టకండి. పత్రికల కోసం విడి అట్టల మీద వేసి పూర్తి చేసిన బొమ్మలు ఒకటి రెండు అమ్మితే, ఫోటో తీసి ఉంచి, ఎవరికి వెళ్లిందో రాసుకుంటే పెద్ద నష్టం లేదు. అవి పుట్టడమే విడిగా పుట్టాయి. కుట్టిన పుస్తకం జోలికి మాత్రం వెళ్లనివ్వకండి. ఇంకొక సంగతి, ఆ రంగుల మిశ్రమాలు రాసిన క్యాలెండరు కాగితాలు ఎవరికీ అక్కరలేదనుకుంటారేమో, మా వృత్తిలో వాటిని మించిన ఆస్తి లేదు. మా రోజుల్లో విదేశీ రంగులు దొరకడం కష్టంగా ఉండేది. ఉన్నవాటితో కావలసిన ఛాయ ఎలా రప్పించుకున్నారో అందులో ఉంటుంది. రేపు ఆ చిత్రాలు బాగుచేయవలసి వస్తే బాగుచేసేవారికి అదే దారి చూపుతుంది.

మాంబళం మేనకోడలు

అందరికీ కృతజ్ఞతలు. టర్నర్ సంగతి చదివి వినిపించాక చిన్న మామయ్య మెత్తబడ్డారు. ఇప్పుడు వారి అనుమానాలు వేరు. సంస్థకు ఇస్తే బొమ్మల మీద హక్కులు పోతాయా? ఇతరులు రాసిన ఉత్తరాలను మనం ఇవ్వవచ్చా? విల్లు లేదు. పైగా, తెలుగువారి కాగితాలు హైదరాబాదుకో విజయవాడకో వెళ్లాలి గానీ ఇక్కడ ఎందుకని ఒక బంధువు పట్టుబడుతున్నారు. ఇంకొకటి, మైనపు క్రేయాన్లతో వేసిన ఒక పుస్తకంలో పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఏం చేయాలి?

జవాబు: న్యాయవాది (ఎగ్మూరు)

వస్తువు వేరు, దాని మీద కాపీరైటు వేరు. స్కెచ్ పుస్తకాన్ని మీరు దానం చేసినంత మాత్రాన అందులోని బొమ్మలను అచ్చువేసే హక్కు సంస్థకు వెళ్లదు. దాన్ని విడిగా, రాతపూర్వకంగా బదిలీ చేయాలి. ఆ పత్రంలో ఎంత కాలానికో రాయకపోతే 5 ఏళ్లకనీ, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికనీ 1957 నాటి కాపీరైటు చట్టం భావిస్తుంది. పరిశోధకులకు చూపడానికీ, సంరక్షణ కోసం ప్రతి తీసుకోవడానికీ, ఆన్‌లైన్‌లో ఉంచడానికీ వేర్వేరుగా అనుమతి రాయండి. వ్యాపార ప్రచురణకు మళ్లీ మిమ్మల్ని అడగాలని రాసుకోవచ్చు. విల్లు లేదన్నారు కాబట్టి వారసులందరి సంతకాలు దానపత్రం మీద ఉండాలి. ఒక్కరు సంతకం చేయకపోయినా మంచి సంస్థ తీసుకోవడానికి సంకోచిస్తుంది.

చిత్రాలకు కాపీరైటు చిత్రకారుడు మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. ఉదాహరణకు 1977లో మరణించిన పణిక్కర్ చిత్రాలకు 2037 చివరి వరకు ఉంటుంది. ఉత్తరాల విషయంలో కాగితం అందుకున్నవారిది, అందులోని మాటల మీద హక్కు రాసినవారిది. కాబట్టి ఆ ఉత్తరాలను మీరు నిక్షేపంగా దానం చేయవచ్చు, ప్రచురించాలంటే మాత్రం రాసినవారినో వారి వారసులనో అడగాలి. బతికి ఉన్నవారి ఆరోగ్యం, అప్పులు, కుటుంబ తగాదాల గురించి ఉన్న ఉత్తరాలకు, పై పెద్దాయన చెప్పినట్టు, ఫలానా సంవత్సరం దాకా తెరవకూడదని షరతు పెట్టండి. ఆ సంవత్సరాన్ని స్పష్టంగా రాయండి. నిరవధికంగా మూసి ఉంచమంటే ఏ సంస్థా ఒప్పుకోదు.

ఇప్పుడు వోచర్ల సంగతి. డబ్బు తీసుకుని మరొకరి కోరిక మీద వేసిన చిత్రానికి, వేరే ఒప్పందం లేకపోతే, వేయించుకున్నవారే మొదటి హక్కుదారు అవుతారు. పత్రికలో జీతానికి ఉద్యోగం చేస్తూ వేసినదానికి నిబంధన వేరు. అక్కడ యజమానికి పత్రికలో ప్రచురణకు సంబంధించిన మేరకే హక్కు ఉంటుంది, మిగిలినది చిత్రకారుడిదే. మీ మేనమామగారు ఏ సంవత్సరంలో ఏ పత్రికకు నెల జీతం మీద పనిచేశారు, ఏ బొమ్మకు విడిగా డబ్బు తీసుకున్నారు అన్నది ఆ వోచర్లే చెబుతాయి. వ్యాపారి అక్కరలేదన్న కాగితాలే రేపు ఆ కొన్న బొమ్మల మీద హక్కు ఎవరిదో తేల్చే సాక్ష్యం. వాటిని బొమ్మల నుంచి వేరు చేస్తే మీకూ కొన్నవారికీ నష్టమే.

ఆలస్యం చేయకండి. బెంగళూరు శివార్లలో తాతగుణి ఎస్టేటు సంగతి చూడండి. దాని యజమానులైన చిత్రకారుడు స్వెతోస్లావ్ రోరిక్ 1993లో, ఆయన భార్య, సినీనటి దేవికారాణి 1994లో మరణించారు. సంతానం లేదు. ఆస్తి మీద వివాదాలు రేగి, 1996లో కర్ణాటక ప్రభుత్వం ప్రత్యేక చట్టం చేసి స్వాధీనం చేసుకుంటే, ఆ చట్టం చెల్లుతుందని సుప్రీంకోర్టు తేల్చేసరికి 2011 వచ్చింది. అంత పేరున్నవారికే అన్నేళ్లు పట్టింది.

జవాబు: కళాచరిత్ర విద్యార్థి (బెంగళూరు)

హైదరాబాదా, చెన్నైయా అన్న ప్రశ్నకు నా అభిప్రాయం చెబుతాను. ఊరి కన్నా ముందు చూడవలసింది ఆ సంస్థకు తేమ అదుపు ఉన్న గది, జాబితా వేసే మనిషి, చదువుకోవడానికి వచ్చేవారికి తలుపు తెరిచే అలవాటు ఉన్నాయా అని. ఆ మూడూ ఉన్న సంస్థ తెలుగు నేల మీద దొరికితే సంతోషమే. చిత్రకారుడు దామెర్ల రామారావు 1925లో 28 ఏళ్లు నిండకుండానే మరణిస్తే ఆయన చిత్రాలు రాజమండ్రిలోనే నిలిచాయి, ఈనాటికీ ఆయన పేరు మీద ఉన్న చిత్రశాలలో చూడగలుగుతున్నాం. అవి పుట్టిన ఊళ్లో ఉండడం వాటికి బలం. మీ మేనమామగారి పని పుట్టిన ఊరు మద్రాసు. ఆయన చదివిన పాఠశాల, తోటివారు, పత్రికల కార్యాలయాలు అక్కడివే. అందువల్ల అసలు కాగితాలు ఇటువైపే ఉండి, పూర్తి డిజిటల్ ప్రతి, దానితోపాటు జాబితా హైదరాబాదులోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం వంటి చోట కూడా ఉండేలా అడగడం సబబు. పాత తెలుగు పత్రికలు చూడడానికి అక్కడికి వచ్చే పరిశోధకుడికి ఈ కాగితాలు ఎక్కడున్నాయో తెలిస్తే బయలుదేరి వస్తాడు. సగం ఇక్కడా సగం అక్కడా పంచడానికి మాత్రం ఒప్పుకోకండి.

జవాబు: కాగితాల సంరక్షకురాలు (అడయారు)

అతుక్కున్న పేజీలను లాగవద్దు, ఇస్త్రీ పెట్టవద్దు, జుట్టు ఆరబెట్టే యంత్రంతో వేడి చేయవద్దు. వేడికి మైనం కరిగి వెనక పేజీలోకి దిగుతుంది, ఇక ఎప్పటికీ రాదు. ఆ పుస్తకం మీద వేరే పుస్తకాలు పేర్చకుండా, చల్లటి చోట, బల్లపరుపుగా పడుకోబెట్టి ఉంచండి. ఇంకా అతుక్కోని పేజీల మధ్య మాత్రం నునుపైన గ్లాసైన్ కాగితం పెట్టవచ్చు. మామూలు న్యూస్‌ప్రింటు పెట్టకండి, దానిలోని ఆమ్లం పక్క పేజీకి పాకుతుంది.

విడదీసే పని ప్రయోగశాలలో జరగాలి. ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలో 1930 నుంచి రసాయన సంరక్షణ విభాగం ఉంది, ముందు అక్కడ సలహా అడగండి. బెంగళూరు చిత్రకళా పరిషత్తులో మొదలైన, వారసత్వ సంపదను కాపాడే ఇంటాక్ సంస్థ సంరక్షణ కేంద్రాన్ని కూడా సంప్రదించండి, వారు కుటుంబాల దగ్గరున్న వస్తువులు కూడా చూస్తారు. తీసుకువెళ్లేటప్పుడు పుస్తకానికి కిందా పైనా దానికన్నా కాస్త పెద్ద అట్టలు పెట్టి, నూలు నాడాతో వదులుగా కట్టి, కారులో ఒళ్లోనో సీటు మీదనో పడుకోబెట్టి తీసుకువెళ్లండి. కొరియరులో పంపవద్దు, ఎండలో ఆపిన కారులో వదలవద్దు. వారు పని మొదలుపెట్టేముందు పుస్తకం ఉన్న స్థితిని రాసి, ఏమి చేయబోతున్నారో మీకు చూపించి సంతకం తీసుకుంటారు. ఆ కాగితాన్ని కూడా అదే పెట్టెలో, అదే జాబితాలో చేర్చండి.